సమష్టి కృషిపై సమగ్ర సమీక్ష

విద్యా సంవత్సరం ముగుస్తోంది. పిల్లలు ఏం నేర్చుకున్నారని ఇప్పుడు అడగడం మర్యాద కాదు. పెద్దలు జట్టుగా ఏం నేర్చుకున్నారన్నదే తేలాలి. అందుకే పసిపిల్లల బడుల్లో ఒక శుభదినాన ‘ఏడాది ప్రస్థానంపై సమీక్ష’ అనే క్రతువు జరుపుతారు. ఈ క్రతువే లేకపోతే, ఏడాదంతా కలిసి పనిచేసిన సంగతి పనిచేసినవాళ్లకు తెలిసే దారి లేదు.

అలాంటి ఒక సమీక్షలో కూర్చునే భాగ్యం నాకు దక్కింది. కూర్చోవడం అన్నది కాస్త పెద్ద మాట. మూడేళ్ల పిల్లల కోసం చేసిన కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఒదిగాం. నిర్వాహకురాలికి మాత్రం పెద్ద కుర్చీ వేశారు. నాయకత్వానికి నడుము నొప్పి రాకూడదు కదా! తలా ఒక రంగు కాగితం ఇచ్చి ‘జట్టు నుంచి నేను నేర్చుకున్నది’ రాయమన్నారు. మొదటి టీచరు ‘పరస్పర సహకారం’ అని రాశారు. రెండో టీచరు ఆ కాగితంలోకి తొంగిచూసి ‘పరస్పర సహకారం’ అని రాశారు. మూడో ఆవిడ ‘ఓర్పు’ అని రాసి, అటూ ఇటూ చూసి, భయపడి కొట్టేశారు. కాగితాలన్నీ గోడకెక్కాక నిర్వాహకురాలి కళ్లు చెమర్చాయి. “చూశారా, మనందరి ఆలోచనా ఒక్కటే!” అన్నారు. ఇదే పని నాలుగేళ్ల పిల్ల చేస్తే కాపీ కొట్టిందంటారు.

తర్వాత జట్టు స్ఫూర్తి పెంచడానికి కాగితపు కప్పులతో గోపురం కట్టే కార్యక్రమం. ఇక్కడ కొంచెం శాస్త్రం అవసరం. పసిపిల్లలు తోటివారితో కలిసే తీరును మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో ఆరు రకాలుగా విభజించారు. ఏమీ చేయకుండా ఉండటం, ఒంటరిగా ఆడటం, నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడుకోవడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, చివరిగా ఒకే లక్ష్యంతో జట్టుగా ఆడటం. పాపం, ఆవిడ పిల్లల మధ్య కూర్చుని ఈ శ్రమంతా పడ్డారు. సిబ్బంది సమావేశానికి వచ్చి ఉంటే పని ఒక్క పూటలో తెమిలేది.

ఒక టీచరు చేతిలో కప్పు తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మొదటి రకం. ఇంకొకరు దొరికిన కప్పులన్నీ ఒళ్లో వేసుకుని మూలకు వెళ్లి సొంత గోపురం మొదలుపెట్టారు. రెండో రకం. నిర్వాహకురాలు చేతులు కట్టుకుని “బాగుంది, బాగుంది” అంటూ తిరుగుతున్నారు. మూడో రకం, ఈ రకానికే జీతం ఎక్కువ. ఇద్దరు సీనియర్లు ఒకే బల్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో గోపురం లేపుతున్నారు. అది నాలుగో రకం, వాళ్ల మధ్య వార్షికోత్సవం నాటి పేచీ ఒకటి ఇంకా నడుస్తోంది. నలుగురైదుగురు కప్పులు అప్పు ఇచ్చుకునే దాకా వచ్చారు. ఇక ఆరో రకం తరువాయి అనుకుంటుండగా ఉన్నవాటిలో పెద్ద గోపురం కూలింది. అప్పుడు చూడాలి సమన్వయం! ఒక్క మాటైనా అనుకోకుండా అందరి కళ్లూ ఒకేసారి కొత్తగా చేరిన అమ్మాయి మీద వాలాయి.

పక్క గదిలో పిల్లలు డాక్టరాట ఆడుతున్నారు. ఒకడు రోగి, ఒకతె డాక్టరు, ఒకడు తలుపు దగ్గర నిలబడి వరుసలో రమ్మంటున్నాడు. ఆరో రకం అక్కడుంది. ఇన్ని తరగతుల పిల్లలకూ కలిపి అక్కడున్న పెద్ద మనిషి ఒక్కరే, ఆయా. చంకలో ఏడుస్తున్న పిల్ల. ఎదురుగా సాక్సు వేసుకోలేక తంటాలు పడుతున్న పిల్లవాడు. ఆమె ఆ సాక్సును మడమ దాకా ఎక్కించి చేయి తీసేసింది. మిగతాది వాడే లాక్కుని, గెలిచినవాడిలా లేచి నిలబడ్డాడు. ఎంత సాయం చేయాలి, ఎక్కడ ఆపాలి అన్న ఈ సంగతినే శిక్షణ తరగతుల్లో రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ పేరు చెప్పి పూటంతా ఉపన్యసిస్తారు.

చివరికి గ్రూపు ఫొటో. టీచర్లున్నారు, లెక్కలు చూసే ఉద్యోగి ఉన్నారు, ఆ ఉదయమే మొదటిసారి గుమ్మం తొక్కిన కప్పుల శిక్షకుడు మధ్యలో ఉన్నాడు. ఆయా లేదు. అడిగితే, “ఆవిడ వస్తే పిల్లల్ని ఎవరు చూస్తారండీ?” అన్నారు, నాకు లోకజ్ఞానం లేనట్టు.

సిగ్గుండాలి. తడిసిన బట్టలు మార్చిన చేతులు, బెంగతో వచ్చిన పిల్లను ఎత్తుకుని ఊరుకోబెట్టిన చేతులు జట్టులోవి కావా? ఏ పిల్లవాడు దేనికి జడుస్తాడో ఆ బడిలో తెలిసిన ఏకైక మనిషికి ఒక రంగు కాగితం ఇవ్వడానికి చేతులు రాలేదా? సెలవుల్లో జీతం ఇవ్వరు, శిక్షణకు పంపరు, ‘చదువు లేదు’ అంటారు. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ అనే తన మొదటి బడి తెరిచినప్పుడు పిల్లలను అప్పగించింది శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలికి కాదు. ఆ మాట ఆవిడే చెప్పుకున్నారు. ఆమె పేరు గోడల మీద రాయించుకున్నవాళ్లకు అది చదివే తీరిక ఎక్కడిది, కప్పులు పేర్చాలి కదా!

వచ్చే ఏడాది సమీక్ష రెండు రోజులట. తేదీలు అప్పుడే ఖరారు చేశారు. రెండు రోజులూ పిల్లల సంగతేమిటని ఎవరో అడగబోయారు. నిర్వాహకురాలు ఫైలు మూస్తూ, తల ఎత్తకుండానే జవాబిచ్చారు.

“ఆయా ఉంది కదా.”