తప్పు ముఖానిదే

ఫోన్లలో తీసిన ఫొటోలు మనుషుల్లాగా ఉండటం లేదని ఈ మధ్య మా నెల్లూరులో కొందరు పెద్దలు అన్యాయంగా మాట్లాడుతున్నారు. మొన్న కావలి నుంచి ఒక సంబంధం వారు మా బంధువుల ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చి, అమ్మాయి కాఫీ గ్లాసులతో హాల్లోకి వచ్చి కూర్చున్నాక కూడా లోపలి గది వాకిలి వైపే చూస్తూ ఉండిపోయారు. వాట్సాప్‌లో చూసిన పిల్ల ఇంకా రావలసి ఉందని వారి నమ్మకం. ఆ మాటకొస్తే పెళ్ళికొడుకును మేమూ గుర్తుపట్టలేదు. వెంట వచ్చిన కారు డ్రైవరే కొంతవరకు ఫొటోకు దగ్గరగా ఉన్నాడు. అందరూ కలిసి ఫొటోలను తిట్టిపోశారే తప్ప, ఫొటోలో ఉన్నంత చక్కగా ఇంట్లో ఉండకపోవడం ఆ ఇద్దరి బాధ్యతారాహిత్యం కాదా అని ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికే ఈ వ్యాసం.

ఫొటో అబద్ధమాడుతోందనేవారు ముందు దాని పుట్టుక తెలుసుకోవాలి. కెమెరా సెన్సర్ మీద లక్షల కొద్దీ చుక్కలుంటాయి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంటు వచ్చిన పద్ధతి ప్రకారం వాటిలో సగం చుక్కలు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని మాత్రమే చూస్తాయి. తనకు కనపడని తక్కిన రెండు రంగులూ ఎంతెంత ఉండవచ్చునో ప్రతి చుక్కా ఇరుగుపొరుగు చుక్కలను బట్టి అంచనా కట్టించుకుంటుంది. అంటే ఫొటోలోని రంగుల్లో మూడింట రెండు వంతులు వాకబు చేసి తెలుసుకున్నవే. పిల్లవాడి గుణగణాలను వీధి చివరి కిళ్ళీ కొట్టులో వాకబు చేసి ముహూర్తాలు పెట్టుకునే మనం ఈ పద్ధతిని తప్పు పట్టడం ఏం న్యాయం? 108 మెగాపిక్సెళ్ళ ఫోను కొన్నానని ఊరంతా చెప్పుకు తిరిగే మా మిత్రుడికి, అది మామూలుగా తొమ్మిదేసి చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ ఫొటోనే ఇస్తుందని చెప్పాను. ఆయన మధ్యాహ్నం అన్నం మానేశాడు. సాయంత్రానికి తేరుకుని, తొమ్మిది మంది కలిసి చెప్పిన మాట కాబట్టి మరింత నమ్మదగినదని తేల్చాడు.

చంద్రుడి సంగతి చూడండి. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో దీపాలార్పి, దూరం నుంచి ఒక ప్రసిద్ధ కంపెనీ ఫోనుతో ఫొటో తీస్తే, తెర మీద లేని గుంటలు ఫొటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలకు మెరుగు పెట్టడం తమ కృత్రిమ మేధ చేసే సేవ అని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. ఇంత తెలిసిన తరువాత కూడా అదే ఏడాది జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను పంపి, ఆగస్టు 23న అది దిగేదాకా నలభై రోజులు దేశమంతా ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఎంత వృథా ప్రయాసో ఆలోచించండి. సూళ్ళూరుపేటలో ఎవరి మేడ మీదనైనా నిలబడి జూమ్ చేస్తే సరిపోయేది. (ఆ శ్రీహరికోట 2022 దాకా మా జిల్లాలోదే. ఆ ఏడాది జిల్లాల పటాన్ని క్రాప్ చేసినప్పుడు అది తిరుపతి ఫ్రేములోకి జరిగింది, ప్రకాశం నుంచి కందుకూరు మా ఫ్రేములోకి వచ్చింది. కాబట్టి ఎడిటింగు పిచ్చిని కుర్రకారుకే అంటగట్టడం సరికాదు.)

మనుషులు ఫొటోకు తగినట్టు ఉండకపోవడం ఒక ఎత్తు, పశువులు కూడా మొండికేయడం మరొక ఎత్తు. ఒంగోలు దగ్గర మాకు తెలిసిన రైతు ఒకాయన గిత్తను అమ్మకానికి పెడుతూ, కొడుకు చేత పోర్ట్రెయిట్ మోడ్‌లో ఫొటో తీయించాడు. ఈ మోడ్‌లో ఏది దగ్గరిదో ఏది దూరపుదో ఫోనే నిర్ణయించి దూరపు వాటిని మసక చేస్తుంది. ఒంగోలు జాతికి కొమ్ములు అసలే పొట్టి. అందులో ఒకటి వెనకనున్న గడ్డివాము రంగులో కలిసిపోయేసరికి ఫోను దాన్ని గడ్డి కిందనే జమకట్టింది. ఆ పైన కుర్రవాడు అలవాటు కొద్దీ తెలుపు పెంచే ఫిల్టరు వేశాడు. మెడ మీదా మూపురం మీదా ఉండే బూడిద రంగు నీడ గిత్తకు వన్నె; ఫిల్టరు దాన్ని మురికనుకుని, సంక్రాంతికి ముందు ఇత్తడి బిందెను తోమినట్టు తోమిపెట్టింది. ఫొటో చూసిన అద్దంకి బేరగాడు ఒంటికొమ్ము ఆవుకు అంత ధర ఎందుకని అడిగాడట. వ్యాసకర్త దృష్టిలో ఇక్కడా దోషం గిత్తదే. గడ్డివాముకు ఎడంగా నిలబడాలన్న కనీస క్రమశిక్షణ దానికి ఉండవలసింది.

ఇక చెరిపే విద్య. 2021లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మ్యాజిక్ ఎరేజర్ పేరుతో వచ్చిన ఈ విద్య ఇప్పుడు చాలా ఫోన్లలో ఏదో ఒక పేరుతో దొరుకుతోంది. మనిషి చుట్టూ వేలితో గీస్తే మనిషి మాయమై, అతని వెనక గోడ ఎలా ఉండి ఉంటుందో ఫోనే ఊహించి అతుకు వేస్తుంది. రంగనాయకుల గుడి గాలిగోపురం ముందు మా కుటుంబమంతా దిగిన ఫొటోలోంచి మా మేనల్లుడు మొదట దారినపోయే వారిని, తరువాత ఒక ఆటోను, బుడగలమ్మేవాణ్ణి తీసేశాడు. చెయ్యి తిరిగాక, మాతో గట్టు తగాదా నడుస్తున్న మా చిన్నాన్నను కూడా తీసేశాడు. సర్వేయరు మూడేళ్ళుగా తేల్చలేనిది ఫోను మూడు సెకన్లలో తేల్చింది. ఆయన చెయ్యి మాత్రం మా నాన్న భుజం మీద అలాగే ఉండిపోయింది. దీన్ని ఆక్రమణ కింద చూపవచ్చునా అని వకీలును అడిగి ఉన్నాము.

పరిష్కారం ఒక్కటే. ముఖాలను ఫొటోలకు అనుగుణంగా దిద్దుకోవాలి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని వెతుక్కుని అందుకునే భక్తులు ఇకనుంచి ఫిల్టరు రొట్టె కూడా అడిగి పుచ్చుకుంటే, పెళ్ళి రొట్టె దానంతటదే వస్తుంది.

సంప్రదాయవాదులు దీనికీ ఒప్పుకోరని తెలుసు. ఫొటోషాప్ 1990లో వచ్చింది. అంతకు చాలా ముందే స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు పూడ్చి, దానికి టచింగ్ అని పేరు పెట్టి డబ్బులు పుచ్చుకునేవారు. అప్పుడు నోరెత్తనివారు ఇప్పుడు ఎత్తుతున్నారు. వారిలో మొదటి వ్యక్తి మా ఇంట్లోనే ఉంది.

మా తాత సంవత్సరీకానికి పటం కట్టించాలనుకుంటే, ఆయన ఫొటో పట్టాదారు పాసుపుస్తకం మీది ఒక్కటే దొరికింది. తపాలా బిళ్ళంత. మేనల్లుడు దాన్ని ఫోనుతో తీసి, ఏదో యాప్‌లో వేసి గోడ పటమంత పెంచాడు. లేని వెంట్రుకలు మొలిచాయి, ముడతలు పోయాయి, చొక్కాకు ఇస్త్రీ పడింది. హీలింగ్ అనే పనిముట్టుతో ముక్కు కింది పులిపిరిని కూడా నయం చేశాడు. పటానికి దండ వేసి, ముందు దీపం వెలిగించాక మా అవ్వను నడిపించుకుని వచ్చాము. ఆమె చాలాసేపు చూసింది.

"ఎవురబ్బయ్యా ఈయన?"

"తాతే అవ్వా."

"మీ తాతకి ముక్కు కింద పులిపిరి ఉండాల గదా. యాడికి పోయింది?"

"నయం చేశానవ్వా."

"బతికినన్నాళ్ళూ నయం కాంది, పొయినాక నయం చేసినావా?"

వంగి, దీపం వత్తి కొసన పేరుకున్న మసిని చూపుడువేలికి అంటించుకుని, పటం అద్దం మీద, ముక్కు కింద కుడివైపున, చుక్క పెట్టింది. వెనక్కి జరిగి చూసి, చాలక, ఇంకొంచెం పెద్దది చేసింది. వేలు కొంగుకు తుడుచుకుని, "ఇంక ఆకేయండి" అంది.

ఈ అనధికార సవరణకు ఆధారం ఉండాలని మేనల్లుడు పటాన్ని మళ్ళీ ఫొటో తీశాడు. ఇందులో ఒక మరకను గుర్తించాము, తొలగించమంటారా అని తెర అడుగున ఫోను వినయంగా అడిగింది. అవ్వకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి మా ఇంట్లో ప్రస్తుతానికి శాంతిభద్రతలు అదుపులోనే ఉన్నాయి.