సవరణ: మెదళ్లు తినే జాంబీ 1968 నాటిది కాదు

"జాంబీలను ఇక రాక్షసుల్లా చూపించకండి" అని మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. మెదడు తినే జాంబీ, అంటే లేచి తిరిగే శవం, 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’తో మొదలైందన్నాను. అది నిజం కాదు. ఆ సినిమాలో లేచిన శవాలు మనిషి మాంసం తింటాయి గానీ, మెదళ్ల కోసమే వెంటపడవు. అసలు వాటిని జాంబీలని ఎవరూ అనరు, ‘గూల్’ (శవాలు తినే పిశాచం) అంటారు. మెదడు పిచ్చిని అంటగట్టింది 1985 నాటి ‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే వేరే సినిమా. రొమేరో మీద లేనిపోని నింద వేసినందుకు క్షమించండి.

మిగతా మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను. జాంబీ పుట్టిన కరీబియన్ దేశం హైతీ కథల్లో అతను ఎవరినీ కరవడు. మంత్రగాడు సమాధిలోంచి లేపి తీసుకెళ్తే, కూలి లేకుండా, నోరెత్తకుండా చాకిరీ చేసే అభాగ్యుడతను. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో బానిసలుగా నలిగిన జనానికి, చచ్చినా విడుదల ఉండదేమోనన్న భయం నాకు అందులో కనిపిస్తుంది. అతని తిండిలో ఉప్పు వేయరు. పొరపాటున ఒక్క ఉప్పు కల్లు నాలుకకు తగిలిందా, తానెవరో గుర్తొచ్చి, తన సమాధి వెతుక్కుంటూ వెళ్లిపోతాడు.

సినిమాలో అలాంటివాడి తల పగలగొడుతుంటే ఈలలు వేయడానికి నాకు మనసొప్పదు. మనవాళ్లు కూడా 2021లో ‘జాంబీ రెడ్డి’ సినిమాతో కర్నూలుకు జాంబీలను తెచ్చారు, కరిచేవాళ్లనే. ఆ ఉప్పు కల్లు కథ ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాదే.

పాతదాంట్లో ఆ పేరా మార్చాను.