అవును సార్, పెన్సిల్ ముక్కే!

ఇంకా చేతులు వణుకుతున్నాయి. మద్దిలపాలెంలో గాజువాక బస్సెక్కి, నిలబడే ఇది టైప్ చేస్తున్నా.

ఈ రోజు మా ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్ట్ వైవా. నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఆరు నెలలు గ్రాఫీన్ ప్లాస్మాన్ల మీదే కూర్చుంది. గ్రాఫీన్ అంటే పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ నుంచి ఒలిచిన, ఒక్క పరమాణువు మందం కార్బన్ రేకు. ప్లాస్మాన్లంటే ఎలక్ట్రాన్లు, కాంతి కలిసి ఊగే అలలు. ఐదో స్లైడ్ దగ్గర, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చెయ్యి అడ్డం పెట్టారు. "పెన్సిల్ ముక్కే కదమ్మా, దీంతో ఏం లాభం? ప్లాస్మాన్లకి బంగారం ఉందిగా" అన్నారు. పక్కన ఇద్దరు నవ్వారు.

అవును, పెన్సిల్ ముక్కే! ఆ గ్రాఫైట్‌నే మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ టేపుతో ఒలిచి 2004లో లోకానికి చూపించారు. 2010లో నోబెల్ వచ్చింది. కంటికి కనిపించే కాంతికి బంగారం బాగా పనిచేస్తుంది, ఎవరు కాదన్నారు? ఇన్‌ఫ్రారెడ్‌కి, అంతకంటే పొడవైన టెరాహెర్ట్జ్ అలలకి వచ్చేసరికి ఆ అల బంగారాన్ని అంటిపెట్టుకుని ఉండదు, గాల్లోకి పరుచుకుపోతుంది. గ్రాఫీన్ మీద అలా కాదు. ఒక్క పరమాణువు మందం రేకులో ఎలక్ట్రాన్లు ఒకచోట పోగై, ఒకచోట పలచబడి ఊగుతుంటే, కాంతి వాటితో కలిసి రేకు మీదే పాకుతుంది. సుమారు 10 మైక్రాన్ల అల పొడవున్న కాంతి అక్కడ 200 నానోమీటర్ల అలగా, అంటే యాభయ్యో వంతుకి, ముడుచుకుంటుంది. రేకుకి బయటి నుంచి పెట్టే వోల్టేజి (గేట్ వోల్టేజి) మార్చండి, ఎలక్ట్రాన్ల లెక్క మారుతుంది, అల పొడవూ మారుతుంది. బంగారంతో ఇంత తేలిగ్గా చేసి చూపించమనండి!

ఆరో స్లైడ్‌లో ఉన్నది ఆ అలల బొమ్మే. 2012లో రెండు బృందాలు సన్నటి సూదిమొన మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి తీశాయి. మొన దగ్గర పుట్టిన అల గ్రాఫీన్ అంచుకి తగిలి వెనక్కి వస్తే, అంచు పొడవునా చారలు. ఫిషింగ్ హార్బర్ గోడకి కొట్టుకుని అల వెనక్కి తిరగడం చూసిన పిల్లకి అది వేరే చెప్పాలా? ఆ స్లైడ్ తెరవనేలేదు.

నా మంట అసలు దీని గురించి కూడా కాదు. ఆమెకి జవాబు తెలుసు. "అంటే సార్, ఎలక్ట్రాన్లు ఎన్ని ఉంటే..." అని మొదలుపెట్టింది. "ఇంగ్లీషులో చెప్పు" అన్నారు. అంతే, నోరు మూతపడింది. చేతిలో పాయింటర్ చుక్క గోడ మీద వణుకుతూనే ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. డిఫ్రాక్షన్, అంటే అంచుల దగ్గర కాంతి వంగడం గురించి అడిగారు. బోర్డు మీద గీసి తెలుగులో చెప్తానంటే వద్దన్నారు, మార్కులు కోశారు. ఆ రాత్రి మా అమ్మకి వంటింట్లో అదే జవాబు మొత్తం చెప్పాను, ఆవిడకి అర్థమైంది. పరీక్ష భౌతికశాస్త్రానికా, ఇంగ్లీషుకా? ఊళ్లలో తెలుగు మీడియంలో చదివి ఇక్కడిదాకా వచ్చిన పిల్లల్ని ఇంకెన్నాళ్లు ఇలా నిలబెట్టి నవ్వుతారు?

సోమవారం మూడు గంటలకి అదే గదిలో ఆమె చేత మళ్లీ చెప్పిస్తున్నా. తెలుగులోనే. ఆరో స్లైడ్‌తో మొదలు. రాగలిగినవాళ్లు రండి.