‘యోగా సెంటర్ పెడితే నెలకు లక్ష’ అట! ఆ మెసేజ్‌లో లెక్క చూద్దాం

టీచర్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ప్రైవేటు స్కూల్లో 20 వేలకి ఎందుకీ చాకిరీ, నెల రోజుల కోర్సు చేసి గవర్నమెంటు గుర్తింపున్న సర్టిఫికెట్ తెచ్చుకోండి, హాలు అద్దెకి తీసుకుని 50 మందిని చేర్చుకుంటే తలా 2,000 చొప్పున నెలకి లక్ష, పెట్టుబడి ఏమీ అక్కర్లేదు, పొద్దున రెండు గంటలే పని, యోగా మన సంస్కృతి కాబట్టి టాక్స్ కూడా లేదు, అంతగా కుదరకపోతే స్కూలు ఎక్కడికీ పోదు. చివర్లో చేతులు జోడించిన బొమ్మ, పది మందికి పంపమని విన్నపం.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మానేసి ఇప్పుడు చిన్న యోగా సెంటర్ నడుపుతున్నాను. మానేసినందుకు నాకేమీ బాధ లేదు, ఈ పని నాకిష్టం. అయితే ఆ మెసేజ్ చదివి రాజీనామా రాసేద్దామనుకుంటున్నవాళ్లు ఈమధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు, వాళ్లలో ఇంటి లోను కడుతున్నవాళ్లు, ఇద్దరేసి పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

స్కూలు గురించి ఆ మెసేజ్ అన్నదాంట్లో మాత్రం అబద్ధం లేదు. ఎండాకాలం అడ్మిషన్ల కోసం గడప గడపకీ తిరగడం, ఇంటికి మోసుకొచ్చే పేపర్ల కట్టలు, కొన్ని చోట్ల సెలవుల జీతం ఎగ్గొట్టడం, ఇవన్నీ మనం పడ్డవే. కరోనా టైములో ప్రైవేటు టీచర్లు ఎంత ఇబ్బంది పడ్డారంటే 2021లో తెలంగాణ ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. అంచేత ఇలాంటి మెసేజ్ వస్తే ఆశ పుడుతుంది, అందులో వింతేం లేదు. కాకపోతే ఆ కరోనాలోనే యోగా సెంటర్లు కూడా 2020 మార్చి నుంచి ఆగస్టు 5 దాకా మూతపడ్డాయి, మాకు బియ్యం ఇస్తామని ఎవరూ అనలేదు.

‘50 మంది, తలా 2,000, నెలకి లక్ష’

గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఆ 50 మంది ఎక్కడ పడుకుంటారు? చాప ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంటే 12 చదరపు అడుగులు. చేతులు చాపితే పక్కవాళ్ల మొహానికి తగలకుండా ఉండాలంటే మనిషికి 25 నుంచి 30 దాకా కావాలి. 600 చదరపు అడుగుల హాల్లో చెప్పుల స్టాండు, బీరువా, నేను నిలబడే చోటు పోను 18 చాపలు పడతాయి. కాబట్టి ఒక్క బ్యాచ్‌తో అయ్యే పని కాదు, మూడు పెట్టాలి. ఐదున్నర బ్యాచ్ నిండుతుంది. ఏడు గంటలకి టిఫిన్లు, క్యారేజీలు, స్కూలు బస్సులు, అందుకని అది సగమే. సాయంత్రం వస్తామన్నవాళ్లు ఆఫీసు నుంచి ఇంటికెళ్లి సోఫాలో కూర్చున్నాక ఇంక లేవరు. 18, 10, 8 అనుకోండి, 36 మంది. ఫీజు 2,000 హైదరాబాద్ గచ్చిబౌలిలో నడుస్తుందేమో, ఇక్కడ 1,200 అన్నా ‘పార్కులో ఫ్రీగా చెప్తున్నారు కదా మేడమ్’ అంటారు.

36 మందికి 1,200 చొప్పున 43,200. అందులో అద్దె 15,000, కరెంటు 2,500 (ఇంటి మీటరు మీద నడపకూడదు, కమర్షియల్ కేటగిరీకి మార్చుకోవాలి), ఊడ్చి తుడిచే ఆవిడకి 3,000, చాపలూ రిపేర్లూ చిల్లరమల్లర 1,500, ఫ్లెక్సీలూ ఫేస్‌బుక్ ప్రకటనలూ 2,000. మొత్తం 24,000. చేతికి మిగిలేది 19,200. ఇవి నమూనా అంకెలు, మీ ఊరి అద్దె, మీ ఊరి ఫీజు పెట్టి మళ్లీ వేసుకోండి. లక్ష దగ్గరికి ఎలా వెళ్తారో నాకూ చెప్పండి.

పైగా అది మంచి నెల లెక్క. మెసేజ్ రాసినవాళ్ల క్యాలెండర్లో పన్నెండు నెలలూ జనవరే ఉన్నట్టుంది. జనవరి ఒకటిన కొత్త సంవత్సరం తీర్మానాలతో వచ్చినవాళ్లలో కొంతమంది సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి చలి అంటారు. మార్చిలో పిల్లల పరీక్షలు. మే నెలలో అమ్మమ్మగారి ఊళ్లు, ఉన్నవాళ్లకి ఎండ. జూన్‌లో మళ్లీ ఊపు వస్తుంది, యోగా డే పుణ్యమా అని. 2025లో విశాఖలో యోగాంధ్ర పేరుతో 3 లక్షలకు పైగా జనం ఒకేసారి ఆసనాలు వేశారు కదా, ఆ నెలలో నాకొచ్చినన్ని ఫోన్లు అంతకుముందెప్పుడూ రాలేదు, అలా చేరినవాళ్లలో సగం మంది వినాయక చవితి దాకా కూడా ఉండలేదు. శ్రావణంలో వ్రతాలు, పేరంటాలు. ఇక కార్తీకం అయితే మా ఊరి సంగతి చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున అందరూ గోదావరి ఘాట్లలో ఉంటారు, ఐదున్నర బ్యాచ్‌కి నేనూ ఫ్యానూ మిగులుతాం. ఆ నెలలో 24 మందే ఫీజు కట్టారనుకోండి, 28,800 వస్తుంది, ఖర్చు అదే 24,000. మిగిలేది 4,800. ఇంటి ఓనర్‌కి కార్తీకం, మార్గశిరం తేడా ఉండదు.

ఫ్రీగా చెప్పేవాళ్లని నేనేమీ అనను. పార్కుల్లో పతంజలి సమితి వాళ్లు, వాకర్స్ సంఘాల వాళ్లు ఏళ్ల తరబడి సేవగా చేస్తున్నారు. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో పార్ట్‌టైమ్ యోగా శిక్షకులున్నారు, వాళ్లకి ప్రభుత్వం ఇచ్చేది ఒక్కో సెషన్‌కి 250 రూపాయలు. మార్కెట్టులో మన పనికి కడుతున్న రేటు ఎంతో ఈ ఒక్క అంకె చెప్తుంది.

‘నెల రోజుల కోర్సు, గవర్నమెంటు గుర్తింపు’

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే డబ్బు పోతే పోయింది, ఇక్కడ ఎదుటివాళ్ల నడుం విరుగుతుంది.

మన దేశంలో యోగా నేర్పడానికి, డాక్టర్లకో లాయర్లకో ఉన్నట్టు, లైసెన్సు తప్పనిసరి అనే చట్టం లేదు. ఎవరైనా బోర్డు పెట్టొచ్చు, కాబట్టి ‘ఈ సర్టిఫికెట్ లేకపోతే నేర్పకూడదు’ అనేవాళ్ల మాట కూడా నమ్మకండి. ‘ఇంటర్నేషనల్’ అని అమ్మే కోర్సుల్లో ఎక్కువ భాగం యోగా అలయన్స్ పేరు చెప్తాయి. అది 1999లో అమెరికాలో మొదలైన సంస్థ, స్కూళ్లనీ టీచర్లనీ తన రిజిస్టర్లో నమోదు చేసుకుంటుంది, అంతే. అది ఏ ప్రభుత్వ శాఖా కాదు. మన ప్రభుత్వం తరఫున ఉన్నది ఆయుష్ శాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు. అందులో మెట్లున్నాయి: ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కి 200 గంటలు, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కి 400, టీచర్ అండ్ ఇవాల్యుయేటర్‌కి 800, యోగా మాస్టర్‌కి 1,600. థియరీ, ప్రాక్టికల్ పరీక్షలుంటాయి. ఇంకా తీరికగా నేర్చుకోవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో యోగాకి ప్రత్యేక విభాగమే ఉంది.

నెల రోజుల్లో ఏమవుతుందో మీరే లెక్కేయండి. రోజుకి ఏడు గంటలు, 30 రోజులు, 210 గంటలు. అంటే అక్కడే ఉండి, ఒక్కపూట మానకుండా చేస్తే మొదటి మెట్టు. ఇంట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ రికార్డు వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఏ మెట్టో నాకు తెలీదు. ఆ మొదటి మెట్టుతో యోగా డే నాడు అందరూ చేసే 45 నిమిషాల కామన్ ప్రోటోకాల్ చక్కగా చేయించగలరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి.

మన దగ్గరికి డబ్బిచ్చి వచ్చేవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తక్కువ. మోకాళ్లు అరిగి వజ్రాసనంలో కూర్చోలేని అరవై ఏళ్ల ఆవిడ వస్తుంది, ఆవిడకి కుర్చీలో ఏం చేయించాలో తెలియాలి. డిస్క్ జారిన ఐటీ కుర్రాడు వస్తాడు, అతన్ని పశ్చిమోత్తానాసనంలో ముందుకి వంచితే ఆ రాత్రే ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాడు. టీవీలో చూసి రోజూ కపాలభాతి చేస్తున్నానని గర్వంగా చెప్పే పెద్దాయనకి బీపీ ఉంటుంది, హెర్నియా ఉంటుంది, రెండింటికీ అది వద్దు. శీర్షాసనం నేర్పమని వెంటపడే మనిషికి గ్లకోమా ఉందా అని ముందే అడగాలి, తలకిందులైనప్పుడు కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. కొత్తగా పెళ్లైన అమ్మాయి నెల తప్పిన సంగతి పదిమంది ముందు చెప్పదు, పక్కకి పిలిచి అడగాలి. చేరేటప్పుడు ఆరోగ్యం ఫారం నింపించడం, అవసరమైతే డాక్టరు చీటీ తెమ్మనడం, తేకపోతే ఫీజు వదులుకుని వెనక్కి పంపడం, ఇవేవీ ఆ మెసేజ్‌లో లేవు. ‘షుగర్ మాయం’ అని ఫ్లెక్సీ కొట్టించే ముందు ఇంకోటి కూడా చూసుకోండి, తప్పుదారి పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

టీచర్లుగా మనకి ఒక లాభం మాత్రం గట్టిగా ఉంది. వెనక బెంచీలో ఎవరికి అర్థం కాలేదో మొహం చూసి పట్టేస్తాం. వెనక వరసలో ఊపిరి బిగబట్టినవాళ్లని కూడా అలాగే పట్టేస్తాం. దానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు.

‘పెట్టుబడి అక్కర్లేదు’

అడ్వాన్సు ఎవరు కడతారు? కొన్ని నెలల అద్దె ముందే అడుగుతారు, దానికి చాపలు, ఫ్యాన్లు, బోర్డు, రంగులు కలపండి. అన్నిటికంటే పెద్ద పెట్టుబడి, జనం అలవాటు పడేదాకా ఇల్లు గడవడానికి దాచుకోవాల్సిన డబ్బు. ముద్ర లోను దొరుకుతుంది, శిశు కేటగిరీలో 50,000 దాకా, కానీ అది తిరిగి కట్టాలి.

‘రోజుకి రెండు గంటలే’

నాలుగుంపావుకి లేస్తాను. ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రెండు బ్యాచ్‌లు. తర్వాత ఫోన్. ‘అక్కా, ఈ నెల సగం రోజులే వచ్చాను, సగం ఫీజు తీసుకోవచ్చు కదా.’ ‘మేడమ్, మా అత్తగారిని తీసుకురావచ్చా, ఊరికే కూర్చుంటుంది.’ స్కూల్లో ఫీజు అడగడానికి ఆఫీసు ఉండేది, ఇక్కడ ఎదురుగా నవ్వుతూ నమస్కారం పెట్టే మనిషిని నేనే అడగాలి. ఈ పనిలో నాకు ఇప్పటికీ కష్టం అదే, ఏ ఆసనమూ కాదు. సాయంత్రం బ్యాచ్ సరిగ్గా మన పిల్లలు ఇంటికొచ్చే టైముకి. మధ్యాహ్నం ఖాళీయే, ఒప్పుకుంటాను, ఆ ఖాళీలో నిద్ర తప్ప ఇంకేమీ పట్టదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆన్‌లైన్‌లో చెప్పి డాలర్లు సంపాదించొచ్చు అని ఆ మెసేజ్‌కి కింద ఎవరో తగిలించారు. చెప్పొచ్చు. మనకి పొద్దున ఐదున్నర అంటే వేసవిలో న్యూజెర్సీలో ముందు రోజు రాత్రి ఎనిమిది, డాలస్‌లో ఏడు. నవంబరులో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పగానే అదే క్లాసు వంట టైములో, పిల్లల హోంవర్కు టైములో పడుతుంది, బ్యాచ్ చెదురుతుంది. పైగా ఆ ఐదున్నరకే ఇక్కడ హాల్లో మన మొదటి బ్యాచ్ కూర్చుని ఉంటుంది.

జ్వరం వస్తే సీఎల్ లేదు. గొంతు పోతే ఆ వారం క్లాసు లేదు, ఒక్క వారం లేకపోతే ఇద్దరు ముగ్గురు పార్కుకి అలవాటు పడిపోతారు.

‘టాక్స్ లేదు’

ఇందులో సగం నిజం, అదీ చెప్పిన కారణానికి కాదు. యోగాకి జీఎస్టీ మినహాయింపు ఉన్నది రిజిస్టరైన ధార్మిక ట్రస్టులకి. మనలాంటి వ్యాపారానికి సంస్కృతి పేరు మీద మినహాయింపేమీ లేదు, సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి మన దాకా రాదు. దాటినవాళ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి యోగా సెంటర్ల మీద 18 శాతం కాస్తా 5 శాతమైంది, ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేకుండా. ఆదాయపు పన్ను వేరే సంగతి, 19,200 మిగిలే మనిషికి దాని టెన్షన్ అక్కర్లేదు.

‘స్కూలు ఎక్కడికీ పోదు’

స్కూలు పోదు, సర్వీసు పోతుంది. మళ్లీ చేరితే కొత్త టీచర్ జీతంతోనే, అదీ ఏప్రిల్, మే నెలల్లో ఖాళీలుంటేనే. పీఎఫ్‌లో పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, ప్రైవేటు స్కూలు టీచర్లకి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో తేల్చేసింది, అయినా చాలామంది అడగకుండానే వచ్చేస్తున్నారు. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 20,000, ఎనిమిదేళ్ల సర్వీసు అనుకుంటే దాదాపు 92,300 రూపాయలు. హాలు అడ్వాన్సు అందులోనే వచ్చేస్తుంది. నాలుగో ఏడులో ఉన్నవాళ్లు ఆగడమే మంచిది.

గవర్నమెంటు టీచర్లు అసలీ మెసేజ్ వైపు చూడకండి. పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లు వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకోవాలంటే 20 ఏళ్ల సర్వీసు కావాలి, ఊరికే రాజీనామా ఇస్తే వెనకటి సర్వీసంతా పోతుంది. మళ్లీ రాసుకుందామంటే ఆంధ్రాలో 2018 తర్వాత డీఎస్సీ 2025లో పడింది, 16,347 పోస్టులకి. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకి. ఈలోపు వయసు ఆగదు. ఉద్యోగంలో ఉంటూ పక్కన సెంటర్ నడుపుదామన్నా ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు.

ప్రైవేటులో ఉన్నవాళ్లకి ఇంకో దారుంది. ముందు మీ అపాయింట్‌మెంట్ కాగితంలో బయట పని చేయకూడదనే షరతు ఉందేమో చూసుకోండి. లేకపోతే మేడ మీదో, ఎవరిదైనా ఖాళీ పోర్షన్‌లోనో ఐదున్నర బ్యాచ్ ఒక్కటే పెట్టండి. స్కూలు బెల్లు కొట్టేలోపు స్నానం చేసి వెళ్లిపోవచ్చు, జీతం ఆగదు. ఒక మే నెల, ఒక కార్తీకం గడిచాక ఎంతమంది కడుతున్నారో చూసుకుని, అప్పుడు కాలిక్యులేటర్ పట్టుకుని నాకు ఫోన్ చేయండి, మధ్యాహ్నం రెండు తర్వాత అయితే మేలుకునే ఉంటాను.