పారిస్ కూడా రేకుల ఇల్లే

పారిస్‌ మీద మనసు పారేసుకున్నవాళ్లలో చాలామంది ముందు దాని కప్పుల్ని చూసే పారేసుకుంటారు. మోంమార్త్ర్ గుట్టెక్కి సాక్రే కర్ చర్చి మెట్ల మీద కూర్చుంటే ఊరంతా దాదాపు ఒకే ఎత్తున, ఒకే బూడిదరంగులో, పొగగొట్టాలతో సహా కళ్లముందు పరుచుకుంటుంది. ఆ రంగు జింకు రేకుది. నగరంలోని కప్పుల్లో సుమారు 80 శాతం జింకువే. ఆ రేకుల్ని కోసి, మడిచి, అంచులు కలిపి కప్పు వేసే పనివాళ్ల నైపుణ్యాన్ని 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లకి దక్కాల్సిన గౌరవమే, ఎవరూ కాదనరు. ఏడు నెలలు తిరిగేసరికి, 2025 జులై 1న, పారిస్‌తో కలిపి 16 జిల్లాల్లో వడగాడ్పుల రెడ్ అలర్ట్ పెట్టారు. ఈఫిల్ టవర్ పై అంతస్తు మూసేశారు. దేశంలో వెయ్యికి పైగా బడులు పూర్తిగానో కొంతమేరకో మూతపడ్డాయి.

నేను ఈ ఊరిని మొదట చూసింది ఏప్రిల్‌లో. చెస్ట్‌నట్ చెట్లు చిగుర్లు వేస్తున్న రోజులు, సాయంత్రమైతే స్వెట్టర్ కావాల్సిన చలి. మళ్లీ చూసింది ఈ ఎండల్లో. ఊరు అదే, వీధులు అవే. కానీ నడిచే పద్ధతి మారిపోయింది. వసంతంలో వీధికి ఏ వైపు నుంచి భవనాలు బాగా కనిపిస్తాయో చూసుకుని నడుస్తాం. వేసవిలో ఏ వైపు నీడ ఉందో చూసుకుంటాం. రెంటచింతల, రామగుండం పేర్లు వింటూ పెరిగిన మనకి 38 డిగ్రీలంటే ఓ లెక్కా అనిపిస్తుంది. మే నెలలో విజయవాడకి 38 అంటే కాస్త తెరిపిచ్చిన రోజు. పారిస్ వాతావరణ కబుర్లు వింటే మనవాళ్లు నవ్వేదీ అందుకే. ఫ్రాన్స్ వాతావరణ శాఖ పారిస్‌కి పెట్టుకున్న హెచ్చరిక గీత ఎంతో చెబితే ఇంకా నవ్వుతారు: పగలు 31, రాత్రి 21.

ఆ రెండో అంకె దగ్గర మాత్రం ఆగాలి. మన వాతావరణ శాఖ మైదాన ప్రాంతంలో వడగాడ్పు అని ప్రకటించాలంటే ప్రధానంగా చూసేది పగటి ఉష్ణోగ్రత 40 చేరిందా, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగిందా అని. ఫ్రెంచివాళ్లు పగటిని, రాత్రిని జంటగా, మూడేసి రోజుల సగటు తీసి చూస్తారు. ఎండదెబ్బ పగలు తగిలినా, శరీరం కోలుకోవాల్సింది రాత్రి. రాత్రి చల్లబడకపోతే మర్నాడు ముసలి గుండె ఆ ఎండని అప్పు మీద అప్పుగా మోయాలి. ఈ పాఠం వాళ్లకి ఊరికే రాలేదు.

2003 ఆగస్టు. నెల మొదటి 20 రోజుల్లో ఫ్రాన్స్‌లో మామూలుగా సంభవించే మరణాల కంటే దాదాపు 15,000 ఎక్కువ నమోదయ్యాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులు, అందులోనూ ఒంటరివాళ్లు. ఆగస్టు అంటే అక్కడ ఊరొదిలి వెళ్లే నెల. కొడుకులు, కూతుళ్లు సముద్రం ఒడ్డున ఉంటారు. వీధి చివరి రొట్టెల కొట్టు మూసి ఉంటుంది. ఆసుపత్రుల్లో మంచాలు తగ్గించేస్తారు. అధ్యక్షుడు జాక్ షిరాక్ సెలవుల మీద కెనడాలో ఉన్నారు. ఆరోగ్యమంత్రి తన సెలవుల ఇంటి తోటలో, పోలో చొక్కాలో నిలబడి టీవీతో మాట్లాడారు. ఆ దృశ్యాన్ని ఫ్రాన్స్ ఇప్పటికీ క్షమించలేదు. శవాలు పెట్టడానికి చోటు చాలక నగరం పక్కన రూంజిస్ టోకు మార్కెట్‌లోని శీతల గోదాము వాడుకున్నారు. సెప్టెంబరు 3న, ఎవరూ వచ్చి తీసుకెళ్లని 57 శవాలని తియే శ్మశానంలో పాతిపెట్టారు. షిరాక్ ఆ అంత్యక్రియలకి వచ్చారు.

ఆ చావుల్ని తర్వాత పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి తరచి చూశారు. మంచం పట్టి ఉండటం, ఒంటరితనం లాంటి కారణాల సరసన ఒక కారణం ప్రత్యేకంగా తేలింది: పడకగది నేరుగా కప్పు కింద ఉండటం. అంటే, మనం సాక్రే కర్ మెట్ల మీద కూర్చుని మురిసిపోయే ఆ బూడిదరంగు కిందే.

రేకుల ఇంట్లో మధ్యాహ్నం పడుకున్న తెలుగువాడికి ఇందులో కొత్తగా చెప్పాల్సింది లేదు. జింకు పల్చని లోహం. ఎండ పడగానే కాలుతుంది, కాలిన వేడిని అడ్డంకి లేకుండా కింది గదిలోకి దింపుతుంది. వింతేమిటంటే అదే భవనంలో కింది అంతస్తులు హాయిగా ఉంటాయి. 1853 నుంచి 1870 దాకా పారిస్‌ని పడగొట్టి మళ్లీ కట్టించిన బారన్ ఓస్మాన్ కాలపు ఇళ్లవి. దళసరి సున్నపురాతి గోడలు, ఎత్తైన గదులు, లోపల నీడపట్టు పెరడు. మన పాత మండువా లోగిళ్లలోని తెలివే ఇంకో రాతిలో. రెండో అంతస్తు యజమానులది: ఇనప నగిషీల బాల్కనీ, నిలువెత్తు కిటికీలు. పైకి పోయేకొద్దీ గదులు కురచబడతాయి, అందరికంటే పైన, రేకు కింద, పనిమనుషులని పడుకోబెట్టేవారు. వాళ్లకి మెట్లు కూడా వేరు, పెరటి వైపు సన్నగా తిరిగే మెట్లు. ఇప్పుడు ఆ గదుల్లో పనిమనుషులు లేరు. విద్యార్థులు, ఒంటరి ఉద్యోగులు, వలస వచ్చినవాళ్లు ఉంటున్నారు. మన దగ్గర నుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన పిల్లలూ అద్దెకి తట్టుకోలేక అవే చూసుకుంటారు. చట్టప్రకారం 9 చదరపు మీటర్లుంటే చాలు, అద్దెకివ్వొచ్చు. మంచం, బల్ల, వేడి నీళ్ల కెటిల్. వాలు కప్పుకి ఓ కిటికీ, దాని నిండా ఆకాశం. ఫొటోకి చాలా బాగుంటుంది.

పర్యాటకుడికి తగిలే ఎండ, ఆ గదిలో ఉండేవాడికి తగిలే ఎండ ఒకటి కావు. నేను లూవ్ర్ మ్యూజియం బయట క్యూలో గంటసేపు మాడినా లోపలికి పోతే చల్లగా ఉంది. ఆ చల్లదనం సీన్ నది పుణ్యం: నది నీటిని వాడుకుని చల్లబరిచిన నీళ్లు భూగర్భ గొట్టాల్లో తిరుగుతూ మ్యూజియాలకి, ఆఫీసులకి, పెద్ద దుకాణాలకి అందుతాయి. 1990ల మొదట్లో మొదలైన ఈ ఏర్పాటు ఐరోపాలోనే పెద్దది. ఇంజనీరింగ్‌గా చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ గొట్టం మోనాలిసా దాకా వెళ్లింది గానీ ఆరో అంతస్తు పనిమనిషి గది దాకా వెళ్లలేదు. మామూలు ఇళ్లకి అందులో దాదాపుగా చోటు లేదు.

నగరపాలక సంస్థ ఏమీ చేయలేదనడం అన్యాయం. 2003 తర్వాత ఫ్రాన్స్ చేసినంత పని చాలా దేశాలు చేయలేదు. మరుసటి ఏడాదే జాతీయ వడగాడ్పుల ప్రణాళిక వచ్చింది. ప్రతి వృద్ధాశ్రమంలో కనీసం ఒక్క చల్లని గదైనా ఉండాలన్నారు. ఒంటరి వృద్ధులు పేరు నమోదు చేసుకుంటే ఎండల రోజుల్లో పారిస్ నగర సిబ్బంది ఫోన్ చేసి పలకరిస్తారు. పార్కులు రాత్రంతా తెరిచి ఉంచుతున్నారు. 1872లో రిచర్డ్ వాలెస్ అనే ఆంగ్లేయుడు పంచిపెట్టిన ముదురాకుపచ్చ ఇనప చలివేంద్రాలు, నలుగురు స్త్రీమూర్తులు గొడుగుపట్టినవి, ఇప్పటికీ నీళ్లిస్తున్నాయి. మోంపర్నాస్ స్టేషన్ దగ్గర కార్లు తిరిగే కూడలిని తవ్వి 2024లో చిన్న అడవి నాటారు. 1923 నుంచి నిషేధం ఉన్న సీన్ నదిలో ఈతకి 2025 జులై 5న మూడు చోట్ల రేవులు తెరిచారు. నది శుభ్రం చేయడానికి సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చయ్యింది. దానికి వెటకారాలూ చాలానే వచ్చాయి, కానీ ఆ నీళ్లలో ఈదుతున్న జనాన్ని చూశాక నాకు ఆ వెటకారాలు రుచించలేదు.

అయితే వీటన్నింటిలో ఓ పోలిక ఉంది. అన్నీ వీధిలో జరిగినవే. చెట్లు వీధిలో, నీళ్లు వీధిలో, ఈత నదిలో. ఇంటి లోపలికి, ముఖ్యంగా ఇంటి నెత్తిమీదికి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. కారణం అందమే. కిటికీకి బయట తలుపులు బిగించుకోవాలన్నా, ఏసీ పెట్టె తగిలించుకోవాలన్నా, కప్పు రంగు మార్చాలన్నా వారసత్వ కట్టడాల అధికారుల అనుమతి కావాల్సిన ప్రాంతాలే నగరంలో ఎక్కువ. కప్పుకి లోపలి నుంచి వేడి ఆపే పొర వేస్తే అసలే 9 చదరపు మీటర్ల గది ఇంకా కుంచించుకుపోతుంది. బయటి నుంచి వేస్తే కప్పు ఎత్తు జానెడు పెరుగుతుంది, వీధి వీధంతా ఒకే గీతలో ఉన్న ఆ ఓస్మాన్ వరస చెదురుతుంది. అభ్యంతరం అక్కడ.

ఇక ఏసీ గొడవ. 2025 వేసవిలో తీవ్ర కుడిపక్ష నాయకురాలు మరీన్ లెపెన్ దేశమంతా ఏసీలు పెట్టే భారీ ప్రణాళిక కావాలన్నారు. అది పర్యావరణానికి చేటని ఎదుటి పక్షాలు విరుచుకుపడ్డాయి. ఏసీ కావాలంటే కుడి, వద్దంటే ఎడమ అన్నట్టు తయారైంది. ఏసీ వద్దనేవాళ్ల వాదనలో నిజముంది: లోపలి వేడిని తీసి ఇరుకు వీధిలో పోస్తుంది, అసలే పల్లె కంటే నగరం నడిబొడ్డు రాత్రిళ్లు 8 డిగ్రీల దాకా వేడిగా ఉండే ఊరు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సందుల్లో రాత్రి పూట నడిచినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. కానీ 85 ఏళ్ల మనిషికి, ఆసుపత్రి వార్డుకి, బాలింతకి ఇది సిద్ధాంత చర్చ కాదు. అక్కడ పెట్టాల్సిందే. మిగతా ఇళ్లకి మొదటి మందు ఏసీ కాదు, కప్పు. ఆ మాట మాత్రం రెండు పక్షాలూ గట్టిగా అనవు. ఏసీ కొనమని చెప్పడం తేలిక, కొనొద్దని చెప్పడం ఇంకా తేలిక.

కప్పు విషయంలో మన దగ్గర ఓ పని మొదలైంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఎండని తిప్పికొట్టే తెల్ల పూతలు, పలకలు కప్పు మీద వేయించడం దాని సారాంశం. అమలు ఎంతవరకన్నది వేరే చర్చ. అసలు తెల్లసున్నం వేసుకోవడం మనకి విధానం రాకముందు నుంచే తెలుసు, మన డాబాకి వారసత్వ అధికారి అడ్డురాడు కూడా. పారిస్‌లో తెలుపు అంటే నగర సంతకాన్ని చెరిపేసినట్టు లెక్క.

ఒక విషయంలో మాత్రం మనం పారిస్ దగ్గర పాఠం నేర్చుకోవాలి. అదే 2003లో, ఫ్రాన్స్ కంటే రెండు నెలల ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం గడగడలాడింది, ఆరోగ్యశాఖ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేశారు. ఇక్కడ ఎవరి కుర్చీ కదిలింది? 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేలకి పైగా పోయినప్పుడూ కదల్లేదు. తేడా సంఖ్యలో మాత్రమే లేదు, లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. ఫ్రాన్స్ ‘ఈ మనిషి వడదెబ్బతోనే పోయాడా’ అని ఒక్కొక్కరినీ అడగలేదు. ఆ రోజుల్లో మామూలుగా ఎంతమంది పోతారు, ఇప్పుడు ఎంతమంది పోయారు అని తీసివేత చేసింది. మనం ఎమ్మార్వో, ఎస్సై, డాక్టరు కలిసి సంతకం పెడితేనే వడదెబ్బ చావు అంటాం. ఎండలో కూలిపని చేసి రాత్రి గుండె ఆగి పోయినవాడు ఆ కాగితం మీదికి రాడు. అహ్మదాబాద్ 2010 మే నెలకి ఈ తీసివేత లెక్క వేస్తే 1,344 అదనపు మరణాలు తేలాయి. 2013లో ఆ నగరం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకోవడానికి నాంది ఆ 2010 వేసవే.

లెక్క తెలిసినంత మాత్రాన కప్పు మారదని చూపించేది కూడా పారిసే. 2019 జులై 25న నగరం 42.6 డిగ్రీలు చూసింది. అప్పటిదాకా ఉన్న రికార్డు 1947 నాటి 40.4. 2023లో వచ్చిన ఒక అధ్యయనం 854 ఐరోపా నగరాలని పోల్చి, వేడికి ప్రాణం పోయే ముప్పు పారిస్‌లోనే అన్నింటికంటే ఎక్కువని తేల్చింది. స్పెయిన్‌లోనో గ్రీసులోనో అనుకుంటాం, కాదు. అదే ఏడాది అక్టోబరులో నగరం ‘50 డిగ్రీల పారిస్’ పేరుతో ఓ కసరత్తు చేసింది. పాత రైలు సొరంగంలోకి బడిపిల్లల్ని తీసుకెళ్లి, నిజంగా ఆ రోజు వస్తే ఎక్కడ దాచుకోవాలో చూశారు. దూరదృష్టే. కానీ సొరంగానికి పోయే ఆలోచన వచ్చినంత తొందరగా కప్పు విప్పే ఆలోచన రాలేదు.

2025 జనవరి నుంచి ఇంధనం బాగా తాగే ‘జి’ తరగతి ఇళ్లని కొత్తగా అద్దెకివ్వకూడదని ఫ్రాన్స్ నిబంధన తెచ్చింది. పైకప్పు గదులు చాలా ఈ నిబంధనకి దొరికిపోతాయి, మంచిదే. కానీ ఆ తరగతిని తేల్చడంలో పెద్ద వాటా చలికాలంలో గది వెచ్చబెట్టే ఖర్చుదే. జులైలో గది ఎంత మాడుతుందన్నది ఇంటి ఇంధన నివేదికలో ఉంటుంది గానీ తరగతిని మార్చదు.

అదీగాక కప్పు ఏ ఒక్కరిదీ కాదు, భవనంలో ఉన్న యజమానులందరిదీ. దాన్ని విప్పి కింద పొర వేసి మళ్లీ రేకు పరవాలంటే యజమానుల సంఘం ఓటు వేయాలి. ఓటు విలువ వాటాని బట్టి, వాటా ఎక్కువగా ఇంటి వైశాల్యాన్ని బట్టి. ఎత్తైన గదుల రెండో అంతస్తు ఆసామికి పెద్ద వాటా ఉంటుంది, ఆయనకి రేకు వేడి తగలదు, బిల్లులో మాత్రం పెద్ద భాగం ఆయనదే. రేకు కింది 9 చదరపు మీటర్ల గదికి నామమాత్రపు వాటా, అదీ ఆ గదిని అద్దెకిచ్చి ఇంకెక్కడో ఉంటున్న యజమాని పేరున. గదిలో ఉండే పిల్లవాడికి ఆ సమావేశంలో ఓటు లేదు.