ఫీనిక్స్ కథలో నీతి ఇదని మీకెవరు చెప్పారండీ?

'ఎక్స్-మెన్ పాత కామిక్స్: ఎవరూ చెప్పని నిజాలు' అనే మెసేజ్ ఈ వారం మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు గ్రూపులోకి కూడా వచ్చేసింది. పంపినవాళ్లలో ఆ అమెరికా సూపర్ హీరోల కామిక్స్ ఒక్క పేజీ తిప్పినవాళ్లు లేరని పందెం కాస్తాను. పాలకొల్లు, నరసాపురం, భీమవరం వాళ్లం కొందరం వారానికో సంచిక చదువుకుని ఆదివారం ఫోన్లో వాదించుకుంటూ ఉంటాం. దాంతో 'మీ పుస్తకాల గురించే, చూడండి' అంటూ అందరూ మాకే తోస్తున్నారు. సరే, చూశాం.

మొదటి నిజమట: 1963 నాటి ఒకటో సంచిక నుంచి వరసగా చదవకపోతే ఏమీ అర్థం కాదు. ఈ సలహా విని ఎంతమంది మధ్యలోనే మూసి పక్కన పెట్టేశారో! స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదలుపెట్టిన ఆ సిరీస్ సరిగా అమ్ముడుపోక 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆపేసింది. అక్కణ్నుంచి 93 దాకా వేసినవి పాత కథలే. మనం ఇవాళ ఎక్స్-మెన్ అని చెప్పుకునేది 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ తెచ్చిన జెయింట్ సైజ్ సంచికతో మొదలైంది. అక్కడ పట్టుకోండి. పాతవి ఓపికుంటే తర్వాత.

రెండోది: ఐదుగురు శిష్యులు, ఒక గురువు, కాబట్టి ఇది పాండవుల కాపీ. ఆ ఐదుగురిలో జీన్ గ్రే అనే అమ్మాయి ఉందండీ. ఆవిడ నకులుడా, సహదేవుడా? పదండి ముందుకి.

మూడోది: అసలు హీరో వుల్వరిన్, మిగతావాళ్లు పక్కవాద్యాలు. ఆయన తొలిసారి కనిపించిందే 1974లో, అదీ హల్క్ కామిక్‌లో. 98వ సంచికలో ఒట్టి చేతుల్లోంచి గోళ్లు దూసుకొచ్చేదాకా అవి గ్లవ్స్‌కి బిగించినవని తోటివాళ్లే అనుకున్నారు. సినిమాలు చూసి కామిక్స్ మీద తీర్పులిస్తే ఇలాగే ఉంటుంది. 2014 సినిమాలో ప్రపంచాన్ని కాపాడడానికి గతంలోకి వెళ్లేది వుల్వరినే, ఒప్పుకుంటాను. కానీ 1981 నాటి కామిక్‌లో, 141, 142 సంచికల్లో, వెళ్లేది కిట్టీ ప్రైడ్ అనే అమ్మాయి. భవిష్యత్తులోని పెద్ద కిట్టీ మనసు పదమూడేళ్ల కిట్టీ ఒంట్లోకి వస్తుంది. వుల్వరిన్ ఆ భవిష్యత్తులో సెంటినెల్ అనే రోబో మంటకి ఎముకల గూడైపోతాడు. ఎనిమిది చదువుతున్న మా మేనకోడలు ఇది పూర్తి చేసి అడిగిన ప్రశ్న: "మరి సినిమాలో నన్నెందుకు తీసేశారు మావయ్యా?" నన్ను అంది, గమనించండి.

నాలుగోది, మాటలు ఎక్కువని. అది నిజమే. 1975 తర్వాత కథలు రాసిన క్లేర్మాంట్ మహానుభావుడికి ఖాళీ జాగా కనిపిస్తే చెయ్యి ఆగదు. కొలోసస్ అనే జట్టువాడి ఒళ్లు ఉక్కుగా మారడం బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది, పైన డబ్బాలో అదే రాసి ఉంటుంది, మళ్లీ ఆయన నోటితోనూ అదే చెప్తాడు. అప్పట్లో నెలకో సంచిక, ఎవరు ఎప్పుడు కొత్తగా కొంటారో తెలియదు, అందుకని ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకురావాలి. మా వాళ్లలో ఒకతనికి రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట గట్టు మీద కాపలా కూర్చుని, ఏరియేటర్ల హోరులో ఫోన్లో చదువుతాడు. తెలుగు మీడియం మనిషి. "ఒకసారి అర్థం కాకపోయినా రెండోసారి ఎలాగూ చెప్తాడు కదరా" అంటాడు. మీకు విసుగు, అతనికి అదే ఆసరా.

ఇక ఐదోది. నిజానికి ఈ ఒక్కదాని కోసమే ఇదంతా రాస్తున్నాను. 'జీన్ గ్రేకి ఫీనిక్స్ శక్తి వచ్చింది, లోకాలు తగలబెట్టింది. ఆడదానికి అధికారం ఇస్తే ఏమవుతుందో అమెరికావాడు కూడా చెప్పాడు' అని, పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. ఈ గ్రూపుల్లో మీ అక్కచెల్లెళ్లూ ఉన్నారు, మీతో చదువుకున్న అమ్మాయిలూ ఉన్నారు. వాళ్లలో ఒకావిడ సర్పంచి కూడాను.

కథ చదివితే కదా తెలిసేది. మాస్టర్‌మైండ్ అనే మాయగాడు జీన్ బుర్రలో దొంగ జ్ఞాపకాలు నాటుతాడు. రెండొందల ఏళ్ల నాటి జీవితంలో నువ్వు నా భార్యవని నమ్మిస్తాడు. హెల్‌ఫైర్ క్లబ్ అనే ముఠా పెద్దమనుషుల పక్కన రాణిగా నిలబెడతాడు. పగ్గాలు తెగింది ఆ తర్వాత. ఇందులో బుద్ధి గడ్డి తిన్నది ఎవరిదండీ? అవును, ఒక నక్షత్రాన్ని మింగేసింది, ఐదు వందల కోట్ల ప్రాణాలు పోయాయి, అది కప్పిపుచ్చేది కాదు. కానీ క్లేర్మాంట్, బొమ్మలు గీసిన జాన్ బర్న్ ముందు గీసుకున్న ముగింపులో జీన్ చావదు. శక్తులు పోగొట్టుకుని బతుకుతుంది. అంతమందిని చంపి శిక్ష లేకుండా పోవడమేంటని ఎడిటర్ జిమ్ షూటర్ పట్టుబట్టాడు, ముగింపు మార్చారు. ఆ మొదటి ముగింపు 1984లో అచ్చయింది కూడా. అంటే మీరు పంచుతున్న నీతి రాసినవాళ్లు అనుకున్నదే కాదు, ఆఫీసు గొడవలో తేలిన ముగింపు మీద మీరు కట్టుకున్నది. పోనీ ఆ 137వ సంచికే తీసుకోండి. తనలో మళ్లీ ఫీనిక్స్ లేస్తోందని తెలిసి, చంద్రుడి మీద, తను ప్రేమించిన జట్టు నాయకుడు స్కాట్ కళ్లెదుటే, తన ప్రాణం తనే తీసుకుంటుంది. దేవతగా బతకగలిగీ మనిషిగా చావడమే ముఖ్యమనుకుందని కథ చివర్లో, అన్నీ చూస్తూ ఉండే వాచర్ అనే పాత్ర నోటితో చెప్పించారు. అధికారాన్ని ఇంతకంటే గట్టిగా వద్దనుకున్న మగ నాయకుణ్ని ఒక్కణ్ని చూపించండి, మన జిల్లాలోనే చాలు. స్కాట్ వెళ్లిపోయాక జట్టును నడిపింది స్టార్మ్ అనే ఆవిడ. 201వ సంచికలో శక్తులన్నీ పోయి ఉండగా కూడా స్కాట్‌ని ఓడించి నాయకత్వం నిలబెట్టుకుంది. దాని మీద ఫార్వర్డ్ రాలేదేం?

అయితే ఆ కామిక్ మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఒకే తక్కెడలో తూచిందా అంటే, లేదు. 150వ సంచికలో విలన్ మాగ్నీటో ఒక సోవియట్ జలాంతర్గామిని సిబ్బందితో సహా ముంచేస్తాడు. ఆయనకి 200వ సంచికలో పారిస్‌లో విచారణ, ఆ తర్వాత ఏకంగా ఎక్స్-మెన్ గురువు జేవియర్ బడికి పెద్దరికం. జీన్‌కి సమాధి. మెసేజ్ రాసినాయన ఇది పట్టుకుని ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ని. పట్టుకోవాలంటే చదవాలి మరి.

చివరిది: 'ఇందులో చచ్చినవాళ్లు తిరిగొస్తారు, ఏడవడం దండగ'. దీనికి నా దగ్గర జవాబు లేదు. 1986లో జీన్‌ని లేపి కూర్చోబెట్టారు, చనిపోయింది అసలు ఆవిడే కాదన్నారు, స్కాట్ పెళ్లాన్నీ పసిబిడ్డనీ వదిలేసి ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా చెరువుల మిత్రుడు మాత్రం ఈమధ్యే 137 ముగించి, అర్ధరాత్రి రెండింటికి "ఒరేయ్, చంపేశార్రా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. తిరిగొస్తుందని అతనికి మేమెవరం చెప్పలేదు. ఇంకెవరికైనా పంపుకోండి గానీ, అతనికి మాత్రం ఫార్వర్డ్ చెయ్యకండి.