మేకపోతుకు ఇచ్చే మర్యాద

మన ఆచారాల్లో సమ్మతికి విలువ లేదని ఈమధ్య కొందరు చదువుకున్నవాళ్ళు తెగ బాధపడిపోతున్నారు. వాళ్ళు ఎప్పుడూ జాతరకి వెళ్ళి ఉండరు. అమ్మవారి గుడి ముందు మేకపోతుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడలో వేపమండలు కట్టి, నెత్తిన చెంబెడు నీళ్ళు పోసి అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అది ఒళ్ళు విదిలిస్తేనే కత్తి లేస్తుంది. విదిలించకపోతే ఇంకో చెంబు. అప్పటికీ కదలకపోతే చెవిలో నీళ్ళు. ఆసుపత్రుల్లో దీన్నే కౌన్సెలింగ్ అంటారు.

ఇంత పద్ధతిగా మనిషిని అడగడం నేనైతే చూడలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ తన జ్వరం తగ్గితే నా జుట్టు ఇస్తానని వెంకన్నకి మొక్కుకుంది. జ్వరం ఆవిడది, జుట్టు నాది. కల్యాణకట్టలో నేను పెట్టిన ఏడుపుని అభ్యంతరం కింద ఎవరూ రాసుకోలేదు. ఇక పెళ్ళిళ్ళంటారా, నిఖాలో అమ్మాయిని సాక్షుల ఎదుట అడుగుతారు, చర్చిలో పాస్టరుగారు ఇద్దరినీ అడుగుతారు. మన పురోహితుడికి అలాంటి అనుమానాలు లేవు. పెళ్ళికొడుకు చేత 'నాతిచరామి' అనిపిస్తాడు, పెళ్ళికూతుర్ని తల కాస్త వంచమంటాడు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా పెద్దలు. ఆ లెక్కన మత్తుమందు ఇచ్చాక వచ్చే మౌనం పూర్తి అంగీకారం అయి తీరాలి. ఢిల్లీలో ఒక డాక్టరు ఇలాగే అనుకున్నారు. 44 ఏళ్ళ మహిళ లోపల సమస్యేంటో చూడ్డానికి, అంటే కేవలం చూడ్డానికి, ఒప్పుకుని మత్తులోకి వెళ్తే, బయట కూర్చున్న ఆవిడ తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ప్రాణం మీదికేమీ రాలేదు, ఆవిడ మైనరు కాదు, మెలకువ వచ్చాక ఆవిడనే అడగాల్సింది, తల్లి మాట చెల్లదు అంది. 25 వేలు పరిహారం ఇమ్మంది. రెండు అండాశయాలకీ ఒక గర్భసంచికీ ఎంతెంత పడిందో మీరే భాగించుకోండి. అయినా తల్లి మాట చెల్లకపోవడమేంటండీ, నా జుట్టు విషయంలో చెల్లిందిగా!

మన ఖమ్మం జిల్లా వాళ్ళు ఇంతకంటే తెలివైనవాళ్ళు, చాలామంది పిల్లల విషయంలో అసలు తల్లి దాకా కూడా వెళ్ళలేదు. 2009లో అక్కడ పద్నాలుగు వేల మంది ఆడపిల్లల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు, వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తర్వాత పార్లమెంటు కమిటీ 2013లో ఇచ్చిన నివేదిక చూస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఒక్కో పిల్లకీ ఒక్కో సంతకం అంటే వార్డెన్ల చేతులు ఎంత నొప్పెట్టి ఉంటాయో ఆలోచించండి. పాపం, టీకా మాత్రం పిల్లలకే వేశారు.

ఇక మా ఇంటి సంగతి. మా పిన్ని రిటైర్డ్ టీచరు, ముప్ఫై ఏళ్ళు ఊరి పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టిన మనిషి. కడుపులో గడ్డకి ఆపరేషన్ అన్నారు. నర్సమ్మ ఇంగ్లీషు ఫారం పట్టుకొచ్చింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపేలోపే ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి "మగవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది. బాబాయి ఉన్నాడు. ఆయన అందులో చదివింది ఒక్క లైను, అడ్వాన్స్ ఎంత కట్టాలో. టిక్కు పెట్టిన నాలుగు చోట్లా సంతకాలు చేసి టీకి వెళ్ళిపోయాడు.

మెలకువ రాగానే పిన్ని అడిగిన మొదటి మాట, "ఏం తీశారు?" బాబాయి డాక్టరు వైపు చూశాడు, డాక్టరు ఫైలు వైపు చూశాడు. "అన్నిటికీ సంతకం పెట్టేశాలేవే, టెన్షన్ పడకు" అన్నాడు బాబాయి.

పిన్ని గండం గట్టెక్కిందని మొన్న ఊళ్ళో అమ్మవారికి మేకపోతుని ఇచ్చాం. మొక్కుకున్నది బాబాయే. నీళ్ళు పోసి పది నిమిషాలైంది, అది కదల్లేదు, మెదల్లేదు, మా అందరి మొహాలూ చూస్తూ నిలబడింది. పిన్ని కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తోంది. బాబాయి రెండో చెంబు తేవడానికి వెళ్ళాడు.